వేళ్ల మధ్య జారిన స్క్రూడ్రైవర్: ఇంజన్ ఆయిల్ ప్రదర్శనల చరిత్ర

కారు ఇంజన్‌లోకి అడిటివ్‌లు రెండు దారుల్లో చేరతాయి. మొదటిది ఆయిల్ కంపెనీ దారి. మడ్డి అడుగున పేరుకోకుండా చూసే డిటర్జెంట్లు, వేడికి నూనె చెడకుండా కాపాడే యాంటీ ఆక్సిడెంట్లు, అరుగుదలను తగ్గించే జింకు, భాస్వరం సమ్మేళనాలు డబ్బాలో నింపకముందే కలిసి ఉంటాయి. డబ్బా మీద గ్రేడు ముద్ర పడాలంటే ఆ మిశ్రమం మొత్తం ఇంజన్ పరీక్షల్లో నెగ్గాలి. రెండోది బండి యజమాని దారి. విడిగా ఒక సీసా కొని, మూత తీసి, ఇంజన్‌లో ఉన్న నూనెలో ఒంపడం. ఈ రెండో సరుకుకు గ్రేడు లేదు, ముద్ర లేదు. దాని పని కంటికి కనబడదు కూడా. బేరింగులు, రింగులు అరగడానికి లక్ష కిలోమీటర్లు పడితే, అవి అరగకుండా నిలిచాయని తేలడానికీ అంతే పడుతుంది. కొనేవాడు అంతకాలం ఆగడు. అందుకే ఈ వ్యాపారం మొదటినుంచీ నిమిషాల్లో ముగిసే ప్రదర్శన మీద ఆధారపడింది. అమెరికాలో సుమారు అర్ధ శతాబ్దం సాగిన ఆ ప్రదర్శనలన్నిటినీ కనికట్టు అని కొట్టిపారేయడానికి లేదు. చాలావాటిలో కళ్లెదుట జరిగింది నిజంగానే జరిగింది. దానికీ ఇంజన్ లోపల జరిగేదానికీ సంబంధం ఏమిటన్న దగ్గరే తగువంతా.

1930లలో అమెరికన్ కారు నూనె చాలావరకు శుద్ధి చేసిన ఖనిజ నూనె మాత్రమే. మడ్డి త్వరగా కట్టేది, రింగులు పట్టేసేవి, నాలుగైదేళ్లకే బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టేది. ఆ లోటులోనే సీసా వ్యాపారం పుట్టింది. విన్ సంస్థ 1939లో కాలిఫోర్నియాలో 'ఫ్రిక్షన్ ప్రూఫింగ్' ఆయిల్‌తో మొదలైంది. 1953లో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ పట్నంలో ముగ్గురు భాగస్వాములు 3,000 డాలర్ల పెట్టుబడితో ఎస్‌టీపీ అనే ఆయిల్ అడిటివ్ తయారీ ప్రారంభించారు. 1961లో స్టూడ్‌బేకర్-ప్యాకార్డ్ కార్ల సంస్థ ఆ కంపెనీని కొన్నది. కార్ల వ్యాపారం దివాలా దారిలో ఉన్న యజమానికి ఈ చిన్న డబ్బా సరుకే కొంత ఊపిరి పోసింది. 1963లో రేసు కార్ల లోకం నుంచి వచ్చిన ఆండీ గ్రానటెల్లి దాని పగ్గాలు పట్టాడు. ఆయిల్ అడిటివ్ ఇంటింటి పేరు కావడం అతని చలవే.

గ్రానటెల్లి టీవీ ప్రకటనలో వాడిన సామాను ఒక స్క్రూడ్రైవర్, కొంచెం ఎస్‌టీపీ. స్క్రూడ్రైవర్ మొనకు ఎస్‌టీపీ పూసి, వేళ్ల కొసలతో పట్టుకుని నిలబెట్టమనడం. ఎంత గట్టిగా నొక్కితే అంత సులువుగా అది జారిపోయేది. చూసేవారికి అర్థమయ్యేది ఒకటే: ఉక్కును ఇంత నున్నగా చేసేది ఇంజన్‌లో ఎంత మేలు చేస్తుందో! ఇందులో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే పట్టు చిక్కదు. అయితే వేలి చర్మం మెత్తనిది, వేళ్లు నొక్కే బలం కొద్దిపాటిది. ఆ పరిస్థితిలో మామూలు ఇంజన్ ఆయిలైనా, వంటింట్లోని వేరుశనగ నూనైనా అదే ఫలితం ఇస్తుంది. సాదా ఆయిల్ పూసిన రెండో స్క్రూడ్రైవర్ పక్కన ఉంటే ఆ ప్రదర్శనకు అర్థమే మిగిలేది కాదు. తర్వాతి ప్రదర్శనలు ఎంత పెద్ద యంత్రాలతో సాగినా, వాటిలో కొరవడింది చాలాసార్లు ఈ రెండో స్క్రూడ్రైవరే.

రేసులు రెండో సాక్ష్యం. 1967 ఇండియానాపొలిస్ 500 పోటీలో ఎస్‌టీపీ రంగులు వేసుకున్న టర్బైన్ కారును పార్నెల్లీ జోన్స్ దాదాపు చివరిదాకా అందరికంటే ముందు నడిపాడు. 200 చుట్ల పోటీలో ఇంకా మూడు మిగిలి ఉండగా గేర్ల పెట్టెలో ఒక చవక బేరింగ్ విరిగి కారు నిలిచిపోయింది. అరుగుదలను అరికడతామని చెప్పుకునే సంస్థ కారు బేరింగ్ మూలంగా ఓడడం మీద ఆ రోజుల్లో చతుర్లు పుట్టకుండా ఎలా ఉంటాయి? 1969లో మారియో ఆండ్రెట్టి అదే సంస్థ కారుతో గెలిచాడు. గెలుపైనా ఓటమైనా అడిటివ్ గురించి చెప్పేది శూన్యం. రేసు ఇంజన్‌ను పోటీ కాగానే విప్పి, భాగాలు మార్చి, మళ్లీ బిగిస్తారు. ఇంటి కారుకు పదేళ్ల బతుకు కావాలి. కానీ కార్ల మీద, టూల్ పెట్టెల మీద, పిల్లల సైకిళ్ల మీద ఎస్‌టీపీ స్టిక్కర్లు వెలిశాయి. 

డబ్బాలో ఉన్నది ముదురు పాకంలా జాలువారే ద్రవం: ఖనిజ నూనెలో పాలీఐసోబ్యూటిలీన్ అనే చిక్కదనాన్ని పెంచే పాలిమర్, దానితో కొంత జింకు సమ్మేళనం. 1971 జులైలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని పరిశీలించి, ముఖ్యంగా ఇది నూనెను చిక్కబరిచే పదార్థమనీ, కొత్త కారు యజమానికి దీని అవసరం లేదనీ, తయారీదారు చెప్పిన చిక్కదనం మారిపోతే వారంటీకి ఇబ్బంది రావచ్చనీ రాసింది. కంపెనీ షేరు ధర పడిపోయింది. 1973లో గ్రానటెల్లి తప్పుకున్నాడు.

చిక్కదనం వల్ల ఏమీ జరగదని కాదు, జరిగేదే అసలు చిక్కు. అరిగిపోయిన పాత ఇంజన్‌లో చిక్కటి నూనె పోస్తే పొగ తగ్గుతుంది, టకటక చప్పుడు మెత్తబడుతుంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేస్తుంది. యజమాని తన కళ్లతో చూసి, చెవులతో విని నమ్ముతాడు. ఇది కంపెనీ ప్రదర్శన కాదు, కొన్నవాడు తనకు తానే చేసి చూసుకునే ప్రదర్శన. కానీ ప్రెషర్ పెరగడం అరుగుదల తగ్గిందనడానికి రుజువు కాదు. చలి ప్రాంతాల్లో ఉదయం స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి నూనె పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. కాపాడతానన్న సమయంలోనే అది కాస్త వెనకబడుతుందన్నమాట.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1976లో ఎస్‌టీపీ మీద ఒక ఉత్తర్వు తెచ్చింది. సరైన పరీక్షల ఆధారం లేనిదే సరుకు పనితీరు గురించి గొప్పలు చెప్పరాదన్నది దాని సారం. రెండేళ్లకే ఆయిల్ వాడకం తగ్గుతుందన్న ప్రకటనలపై మళ్లీ వివాదం వచ్చి, 1978లో కంపెనీ 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. మరో 2 లక్షల డాలర్ల ఖర్చుతో వాల్ స్ట్రీట్ జర్నల్ వంటి పత్రికల్లో ప్రకటనలు వేసి, తాము ఆధారంగా చూపిన రోడ్డు పరీక్షలు ఆ మాటలను నిలబెట్టలేవని తెలియజేయవలసి వచ్చింది. సొంత డబ్బుతో సొంత పరీక్షలను తక్కువ చేసి చెప్పుకునే ప్రకటన అప్పటికి అరుదైన దృశ్యం. ఆ 1976 ఉత్తర్వు దీర్ఘాయువు: దాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై 1995లో ఎస్‌టీపీ అప్పటి యజమాని ఫస్ట్ బ్రాండ్స్ 8,88,000 డాలర్లు చెల్లించింది.

ఈ తగువులను అర్థం చేసుకోవాలంటే ఇంజన్‌లో నూనె నిజంగా ఏం చేస్తుందో చూడాలి. ఆ సంగతి కార్లు రాకముందే తెలిసింది. ఇంగ్లండ్‌లో బ్యూచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగాలు చేసి 1883లో నివేదిక ఇచ్చాడు. బేరింగ్ పైభాగాన నూనె పోయడానికి రంధ్రం చేస్తే, ఇరుసు తిరుగుతున్నప్పుడు నూనె లోపలికి దిగడానికి బదులు పైకి ఉబికింది. చెక్క బిరడా బిగిస్తే దాన్నీ నెట్టేసింది. ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటింది, బేరింగ్ మీద సగటు బరువు 100 పౌన్లే అయినా. అంటే తిరిగే ఇరుసు తనతో నూనెను లాక్కుపోయి, ఆ నూనె ఒత్తిడి మీద తానే తేలుతోంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం రాశాడు. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రీబెక్ వేగం, భారం, చిక్కదనం మారేకొద్దీ ఘర్షణ ఎలా మారుతుందో గీత గీసి చూపాడు.

ఆ గీత మీద ఇంజన్ భాగాలు వేర్వేరు చోట్ల ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు నడుస్తున్నంతసేపూ కొద్ది మైక్రాన్ల మందం ఉన్న నూనె పొర మీద తేలుతాయి. లోహం లోహాన్ని తాకదు, కాబట్టి అక్కడ లోహాలు రాసుకుపోకుండా కాపాడే రసాయనానికి పెద్దగా పనే లేదు. పిస్టన్ పైకీ కిందికీ కదిలి క్షణకాలం ఆగే చోట రింగుల దగ్గర, క్యామ్‌షాఫ్ట్ ముక్కు వాల్వు టాపెట్‌ను నొక్కే చోట మాత్రం పొర తెగుతుంది. అక్కడే రసాయనం అవసరం. 1940లలో బేరింగుల తుప్పును, నూనె చెడిపోవడాన్ని ఆపడానికి వచ్చిన జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్ అరుగుదలను కూడా ఆపుతుందని తర్వాత తేలింది. అప్పటినుంచి అది దాదాపు ప్రతి ఇంజన్ ఆయిల్‌లోనూ ఉంది. కాబట్టి సీసా అమ్మేవారు జవాబు చెప్పవలసిన ప్రశ్న చాలా ఇరుకైనది: రక్షణ మందు ముందే కలిసిన నూనెకు మరో మందు అదనంగా ఏమి చేస్తుంది? ప్రదర్శనలు ఈ ప్రశ్న దగ్గరికే పోలేదు.

ప్రదర్శనలన్నిటిలో రాజు బేరింగ్ యంత్రం. దీని పుట్టుక గౌరవప్రదమైనది. 1926లో ప్యాకార్డ్ కార్లలో హైపాయిడ్ గేర్లు వచ్చాయి. వెనక ఇరుసులోని ఈ గేర్ల పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక జారుతూ నొక్కుకుంటాయి కనుక మామూలు నూనె పొర నిలిచేది కాదు. గంధకం, క్లోరిన్, సీసపు సబ్బులు కలిపిన 'తీవ్ర ఒత్తిడి' గేరు నూనెలు అవసరమయ్యాయి. వాటిని వేరుచేసి చూడటానికి 1930లలో రకరకాల బల్ల యంత్రాలు పుట్టాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో షెల్ ప్రయోగశాలకు చెందిన బూర్లాగే 1933లో నాలుగు ఉక్కు గుళ్ల యంత్రాన్ని వివరించాడు. రోలర్ బేరింగులు చేసే టిమ్కెన్ సంస్థ యంత్రంలో తిరిగే ఉక్కు కప్పు మీద కదలని ఉక్కు దిమ్మను ఒక చేతికర్రతో నొక్కుతారు. చేతికర్ర కొసన బరువులు పెంచుతూ పోతారు. దిమ్మ గీరుకుపోకుండా నిలిచిన అతిపెద్ద బరువే ఆ నూనె 'ఓకే లోడు'. ఈ పద్ధతి ఏఎస్‌టీఎం డి2782 అనే ప్రమాణంగా ఇప్పటికీ ఉంది. తీవ్ర ఒత్తిడి గుణంలో నూనెలను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని విడదీయడానికి ఇది వాడుతారని ఆ ప్రమాణమే చెబుతుంది. ఫలితం వాడకంలోని పనితీరుతో సరిపోతుందో లేదో వాడేవారే తేల్చుకోవాలనీ అందులో రాసి ఉంది.

సంతల్లో, వాహన ప్రదర్శనల్లో, రాత్రిపూట టీవీలో కనబడిన చిన్న యంత్రం దీనికి నాటు రూపం. ఒకే పొడవాటి చేతికర్ర ఉండటం వల్ల దానికి జూదపు యంత్రం పేరే అంటింది, 'ఒంటిచేతి బందిపోటు' అని. వరస ఎప్పుడూ ఒకటే. ముందు పేరున్న ఇంజన్ ఆయిల్ పోస్తారు. రెండు మూడు బరువులకే కీచుమని మోటారు ఆగిపోతుంది. తర్వాత అదే ఆయిల్‌లో అడిటివ్ కలుపుతారు. అమ్మేవాడు చేతికర్ర మీద తన బరువంతా మోపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. దిమ్మను తీసి చూపితే మొదటిదాని మీద వెడల్పాటి గాటు, రెండోదాని మీద సన్నటి గీత.

ఈ తేడా నిజం. దాని కారణం క్లోరిన్ పారాఫిన్ల వంటి తీవ్ర ఒత్తిడి రసాయనాలు. గీరుకునే చోట పుట్టే మంటలాంటి వేడికి అవి ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్ పొర కడతాయి, ఆ పొర తేలిగ్గా కోసుకుపోతూ లోహాన్ని కాపాడుతుంది. లోహాన్ని కోసే పనిలో, లోహపు తీగలను సాగదీసే పనిలో ఈ రసాయనాలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. ఇంజన్ సంగతి వేరు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత నూనెలోకి చేరుతుంది. వేడి, తేమ కలిసిన చోట క్లోరిన్ సమ్మేళనాలు విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడితే రాగి, సీసం బేరింగులకు చేటు. బల్ల మీద రెండు నిమిషాల్లో నెగ్గిన లక్షణమే ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపులో నెలల తరబడి కూర్చుంటే శత్రువు కాగలదు. బల్ల యంత్రానికి ఆ నెలలు కనబడవు. ఇంట్లో వాడే షాంపూ పోసినా ఈ యంత్రం బరువు మోస్తుందని ఔత్సాహికులు చేసి చూపించారు. షాంపూను ఇంజన్‌లో పోయమని ఎవరూ అనరు కదా.

యంత్రంలో మరో కిటుకు ఉంది, చాలాసార్లు ప్రదర్శకుడికే తెలియకపోవచ్చు. గుండ్రటి కప్పు చదునైన దిమ్మను తాకేది మొదట ఒక గీత మీదే. అక్కడ ఒత్తిడి విపరీతం. గాటు పడి వెడల్పయ్యేకొద్దీ అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పంచుకుపోయి ఒత్తిడి తగ్గుతుంది. మొదటి పరీక్షలో గాటుపడిన దిమ్మనే, లేదా నున్నబడిన చక్రాన్నే రెండో పరీక్షకూ వాడితే, రెండోసారి ఏ నూనెకైనా పని తేలిక. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, ఈ యంత్రం కొలిచేది నూనె పొర పూర్తిగా తెగిపోయాక ఏం జరుగుతుందన్నది. మంచి ఇంజన్ రూపకల్పన అంతా ఆ పొర తెగకుండా చూడటానికే. క్యామ్ దగ్గర పొర తెగే మాట నిజమే, అక్కడి పనికి జింకు సమ్మేళనం చాలు. అందుకే సాదా ఇంజన్ ఆయిల్ బల్ల మీద ఓడిపోయి, అదే నూనె పోసిన కారు లక్షల కిలోమీటర్లు తిరగడంలో వైరుధ్యమేమీ లేదు.

1980లలో కొత్త సరుకు వచ్చింది: టెఫ్లాన్ పేరుతో లోకానికి తెలిసిన పీటీఎఫ్‌ఈ పొడి కలిపిన నూనెలు. వీటిలో స్లిక్ 50 అన్నిటికంటే పెద్ద పేరు. దోసె అంటుకోని పెనం ప్రతి ఇంట్లోనూ ఉంది కనుక ఇక్కడ ప్రదర్శన కూడా అక్కర్లేకపోయింది. అయితే పెనానికి ఆ పూత పట్టాలంటే ముందు లోహాన్ని గరుకు చేసి, పూసి, పీటీఎఫ్‌ఈ కరిగే 327 డిగ్రీల సెల్సియస్‌ను దాటే వేడిలో కాల్చాలి. ఇంజన్ బేరింగుల దగ్గర నూనె వేడి సాధారణంగా నూరు డిగ్రీల చుట్టుపక్కల. శుభ్రం చేయని, నూనె తడిసిన, కదులుతున్న లోహం మీద తేలుతూ వచ్చిన పొడి అంటుకుంటుందనడానికి గట్టి ఆధారం కావాలి. టెఫ్లాన్ తయారీదారు డ్యుపాంటే ఇంజన్ నూనెల్లో అది ప్రయోజనకరం కాదని ప్రకటించింది. ఆ మీదట డ్యుపాంట్, స్లిక్ 50 సంస్థల మధ్య సరఫరా తగవులూ నడిచాయి.

స్లిక్ 50 ప్రకటనలు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే క్షణాన్ని పట్టుకున్నాయి. రాత్రంతా నూనె కిందికి దిగిపోతుంది, పొద్దున తాళం తిప్పగానే లోహం లోహాన్ని రాసుకుంటుంది అన్నది వాటి కథ. అరుగుదల 50 శాతం దాకా తగ్గుతుందనీ, ఒక్కసారి పోస్తే 50,000 మైళ్ల దాకా నిలుస్తుందనీ చెప్పాయి. ట్రేడ్ కమిషన్ 1996లో ఫిర్యాదు చేసింది. సరైన నూనె పోసిన ఇంజన్లలో చాలావాటికి స్టార్ట్ చేసేటప్పుడు కూడా తగిన రక్షణ ఉంటుందనీ, ప్రకటనల అంకెలకు ఆధారం లేదనీ దాని వాదన. క్రితం రోజు నడకలో మిగిలిన పలుచని నూనె, జింకు కట్టిన పొర అక్కడే ఉంటాయి మరి. అప్పటికి స్లిక్ 50ని కొనేసిన క్వేకర్ స్టేట్ 1997లో రాజీకి వచ్చింది. వినియోగదారులకు కనీసం కోటి డాలర్ల విలువైన పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది.

ప్రదర్శనల స్వర్ణయుగం టీవీ నియమాల మార్పుతో వచ్చింది. 1984లో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ టీవీలో ప్రకటనల సమయంపై పరిమితి ఎత్తేసింది. అరగంట నిడివి ప్రకటనలు పుట్టాయి. డ్యూరా లూబ్, ప్రోలాంగ్, మోటర్ అప్ వంటివి ఆ అరగంటల్లోనే ఇళ్లలోకి వచ్చాయి. వీటి ముఖ్య దృశ్యం ఆయిల్ లేకుండా నడిచే కారు. సంపు బిరడా విప్పుతారు, నూనె మొత్తం కిందపడుతుంది, ఇంజన్ మాత్రం ఆగదు. కారు ఎడారిలోనో ఊరి రోడ్ల మీదో పోతూనే ఉంటుంది.

ఇది బల్ల యంత్రం కంటే నమ్మదగినదిగా కనబడుతుంది, ఎందుకంటే ఇక్కడ నిజమైన ఇంజన్ ఉంది. అయినా లోపం పెద్దదే. బిరడా తీస్తే సంపు ఖాళీ అవుతుంది గాని ఇంజన్ ఖాళీ కాదు. బేరింగు సందుల్లో, రింగుల గాడుల్లో, గోడల మీద నూనె మిగిలే ఉంటుంది. భారం లేకుండా, తక్కువ వేగంలో నడిచే ఇంజన్ ఆ తడితో చాలాసేపు నెట్టుకురాగలదు, అడిటివ్ ఉన్నా లేకపోయినా. ఎంతసేపన్నది ఇంజన్‌కూ ఇంజన్‌కూ, ఆ రోజు ఎండకూ, డ్రైవరు కాలికీ మారుతుంది. కాబట్టి ఒక కారు నడిచిందనడం వల్ల తెలిసేది స్వల్పం. ఒకే రకం ఇంజన్లు చాలా తీసుకుని, సగంలో మందు పోసి, సగంలో పోయకుండా, అన్నిటినీ ఒకేలా నడపాలి. పైగా నడిపినవి ఒక్కొక్కటిగా పట్టేసి చెడిపోతాయి కనుక అది ఖరీదైన పని, టీవీకి పనికిరాని పని. అసలు నూనె జారుడు కోసమే కాదు, పిస్టన్ల వేడిని దింపడానికి, మసిని మోసి ఫిల్టరుకు చేర్చడానికి కూడా. నూనె లేని ఇంజన్‌లో ఆ పనులు ఎవరు చేస్తారన్నది ప్రకటనలో రాదు. ఆయిల్ లేకుండా కావాలని నడిపే యజమాని కూడా ఎక్కడా లేడు.

ప్రదర్శన నిజాయితీపై అమెరికా చట్టం అంతకుముందే ఒక మాట చెప్పింది. కోల్గేట్-పామోలివ్ షేవింగ్ క్రీమ్ ప్రకటనలో గరుకు కాగితం మీద క్రీమ్ రాసి ఒక్క గీతలో గొరిగినట్టు చూపారు. తెర మీద ఉన్నది కాగితం కాదు, ఇసుక చల్లిన ప్లాస్టిక్ పలక. 1965లో సుప్రీం కోర్టు దాన్ని మోసపు ప్రదర్శనగా తేల్చింది. అక్కడ సామానే అబద్ధం కనుక తీర్పు తేలిక. ఆయిల్ ప్రదర్శనల్లో సామాను నిజం, ముగింపు మాత్రం అరువు. అందుకే ట్రేడ్ కమిషన్ వాదన మరో దారి పట్టింది: అరుగుదల తగ్గుతుంది, ఇంజన్ ఆయుష్షు పెరుగుతుంది అనే మాటకు శాస్త్రీయంగా నిలిచే ఆధారం చూపండి అని. ప్రోలాంగ్ 1999లో, డ్యూరా లూబ్ 2000లో, మోటర్ అప్ 2001లో ఈ దారిలోనే ఉత్తర్వులకు తలవొగ్గాయి. డ్యూరా లూబ్ 20 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. ఇవి రాజీ ఉత్తర్వులని గుర్తుంచుకోవాలి. రాజీపడిన కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఏ అడిటివ్ ఎప్పుడూ పనిచేయదని కమిషన్ రుజువు చేసినట్టూ కాదు. రుజువు భారం చెప్పినవాడిదే అన్న సూత్రం మాత్రం స్థిరపడింది.

చివరి పెద్ద కేసు వీటన్నిటికంటే ఆసక్తికరం, ఎందుకంటే అందులో గారడీ లేదు, నిజమైన ఇంజన్ పరీక్షే ఉంది. కార్ల రేసు మైదానాల సంస్థ స్పీడ్‌వే మోటార్‌స్పోర్ట్స్, దాని అనుబంధ సంస్థ ఆయిల్-కెమ్ కలిసి జీమ్యాక్స్ అనే అడిటివ్ అమ్మేవి. ప్రకటనల్లో సీఆర్‌సీ ఎల్-38 పరీక్ష పేరు వాడారు. ఈ పరీక్షలో ఒంటి సిలిండరు ఇంజన్‌ను 40 గంటలు వేడి నూనెతో నడిపి, రాగి-సీసం బేరింగ్ ఎంత బరువు కోల్పోయిందో తూచి, నూనె దాన్ని తినేస్తోందా లేదా అని చూసేవారు. 2001లో కమిషన్ కోర్టుకెక్కింది. ఆరోపణ ఏమిటంటే, ఆ పరీక్షలో జీమ్యాక్స్ కలిపిన నూనె ఉత్త నూనె కంటే రెండింతలకు పైగా బేరింగ్ తుప్పును కలిగించింది. అయినా కంపెనీలు రెండు పరీక్షల నివేదికలను కలిపి ఒకటిగా చేసి, ప్రతికూలమైన అంకెలు తీసేసి, మిగిలినదాన్ని ప్రచారానికి వాడాయి. 2003లో 10 లక్షల డాలర్ల దాకా పరిహారంతో రాజీ కుదిరింది. పరీక్ష సరైనదైనా దాని నివేదిక మొత్తం చదవకపోతే, అదీ మరో ప్రదర్శనగానే మిగులుతుందని ఈ కేసులో తేలింది.

ఇక నిజంగా పరీక్షించాలంటే ఎలా? 1996 జులైలో కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రచురించిన న్యూయార్క్ టాక్సీల పరీక్ష దానికి మంచి నమూనా. కొత్తగా బోరు చేసి బిగించిన ఇంజన్లతో 75 టాక్సీలను తలా 60,000 మైళ్లు, మొత్తం మీద 45 లక్షల మైళ్లు నడిపారు. తర్వాత ఇంజన్లు విప్పి క్యామ్‌షాఫ్ట్, వాల్వు లిఫ్టర్లు, కనెక్టింగ్ రాడ్ బేరింగుల అరుగుదలను కొలిచారు. రకరకాల ఆయిళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కొన్ని టాక్సీల్లో ఎస్‌టీపీ, స్లిక్ 50 అడిటివ్‌లు కూడా పోసి చూశారు, ప్రయోజనం కనబడలేదు. ఈ పరీక్షకూ హద్దులున్నాయి. టాక్సీ ఇంజన్ రోజంతా వేడిగానే ఉంటుంది, అడిటివ్ వాళ్లు గొప్పగా చెప్పే చల్లటి స్టార్టింగ్ అందులో తక్కువ. పత్రిక ఆ సంగతి దాచలేదు. కానీ నిజమైన కార్లు, నిజమైన దూరం, పోలికకు సాదా నూనె, చివరికి కొలత అన్నీ ఉన్న పరీక్ష అది.

ఆయిల్ కంపెనీలకు ఈ శ్రమ తప్పదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ గ్రేడు ముద్రకు వరస పరీక్షలున్నాయి. వాటిలో సీక్వెన్స్ 4ఏ అనేది క్యామ్ అరుగుదల కోసం ఉండేది. నిస్సాన్ 2.4 లీటర్ల ఇంజన్‌ను 100 గంటలు ప్రధానంగా నిదానపు వేగంలో, చల్లటి నూనెతో నడిపేవారు. క్యామ్‌కు అదే గడ్డు పరిస్థితి. తర్వాత ప్రతి క్యామ్ ముక్కునూ ఏడు చోట్ల మైక్రాన్లలో కొలిచేవారు. మరో పరీక్ష మడ్డి కోసం, మరొకటి వేడికి నూనె చిక్కబడటం కోసం, ఇంకొకటి బేరింగ్ తుప్పు కోసం. ఒక్క గుణం పెంచితే మరొకటి దెబ్బతినవచ్చు గనుకే ఇన్ని. ఇందుకు భాస్వరం చక్కటి ఉదాహరణ. అరుగుదల తగ్గించే జింకు సమ్మేళనంలోని భాస్వరం పొగగొట్టంలోని కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందువల్ల 2004లో వచ్చిన జీఎఫ్-4 ప్రమాణం నూనెలో భాస్వరాన్ని 0.08 శాతం మించనివ్వలేదు, 0.06 శాతానికి తగ్గనివ్వలేదు. ఈ సన్నటి సందులో తూకం వేసి చేసిన నూనెలో మరో సీసా ఒంపితే తూకం ఎటు పోతుందో చెప్పాలంటే, ఆ రెండూ కలిసిన మిశ్రమాన్ని మళ్లీ ఇదే వరసలో పరీక్షించాలి.

కేసుల తర్వాత ఈ సరుకులు అంగళ్ల నుంచి మాయం కాలేదు. ఎస్‌టీపీ, జీమ్యాక్స్ ఇప్పటికీ దొరుకుతాయి. పెన్‌జాయిల్-క్వేకర్ స్టేట్‌తో పాటు స్లిక్ 50 కూడా 2002లో షెల్ చేతికి వెళ్లింది. మారింది ముఖ్యంగా సీసా మీది భాష. శాతాలు, మైళ్ల అంకెలు తగ్గాయి, వాటి చోట 'సహాయపడుతుంది' వంటి మెత్తని క్రియలు వచ్చాయి. చేతికర్ర యంత్రం మాత్రం తగ్గలేదు. చిన్న మోటారు, గుండ్రటి చక్రం, ఉక్కు దిమ్మతో చవగ్గా తయారయ్యే ఆ యంత్రం ఇప్పుడు మన దేశంతో సహా చాలా చోట్ల నూనె అమ్మే వీడియోల్లో కనబడుతుంది. అక్కడా వరస పాతదే: ముందు పేరున్న ఆయిల్, కీచుమనే చప్పుడు, తర్వాత సీసా.